చీము ఆగితే జబ్బు పోయినట్టు కాదు

(ఆదివారం పబేడాన్ కూటంలో ఒక సైట్ సూపర్‌వైజర్ మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ళ కోసం రాసి పెడుతున్నాం.)



మొన్న ఆదివారం పాతికమంది దాకా వచ్చారు. తిలావా వైపు సైట్లవాళ్ళు, నైట్ డ్యూటీవాళ్ళు రాలేదు. అందుకే చెప్పిందంతా రాసి గ్రూపులో పెట్టమన్నారు. రాసేటప్పుడు అక్కడక్కడ కొంచెం కలిపాను. ఆడవాళ్ళు చదివినా తప్పులేదు, చదివితేనే మంచిది. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేముందు మాత్రం ఇది మూసెయ్యండి.

నేను డాక్టర్ని కాను. పదో తరగతి చదివి, సెంట్రింగ్ పనిలో దిగి, ఇప్పుడు సూపర్‌వైజర్ని. కానీ మన కుర్రాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళి, డాక్టరు చెప్పింది విని, వాళ్ళకి తెలుగులో చెప్పీ చెప్పీ నాకు కొంత తెలిసింది. ఆ మేరకే చెప్తాను.

విషయం సుఖవ్యాధులు. సిగ్గుపడే పేరే, ఏం చేస్తాం. మా ఊళ్ళో పాతవాళ్ళు మూత్రంలో చీము పోతే సెగ అనేవాళ్ళు, పుండు పడితే సవాయి అనేవాళ్ళు, గజ్జల్లో గడ్డ కడితే అడ్డగర్రలు అనేవాళ్ళు. ఇక్కడివాళ్ళు మొత్తానికీ కలిపి కాలతా యోగా అంటారు. యోగా అంటే ఆసనాలు కాదు, మన రోగమే. వీళ్ళ నాలిక మీద 'ర' కాస్తా 'య' అయిపోతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఆసుపత్రిలో పనికొస్తుంది.

ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, రాడ్ బెండింగ్ కుర్రాడొకడికి పోయిన ఏడాది మూత్రంలో మంట, చీము మొదలైంది. గదిలో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఒక మందుల షాపుకెళ్ళి చేత్తో సైగ చేశాడు. ఆ షాపతను చిన్న ప్లాస్టిక్ కవర్లో నాలుగు రకాల మాత్రలు, రంగు రంగులవి, విడివిడిగా వేసి ఇచ్చాడు. పేరు లేదు, డేటు లేదు. మూడు పూటలకి సరిపడా. రెండోరోజుకి మంట తగ్గింది, మూడోరోజుకి చీము ఆగింది. పిల్లాడు సంతోషంగా పండక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చిన నెలకి వాళ్ళావిడకి పొత్తికడుపు నొప్పి, జ్వరం. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు. ఇంకో ఆయన అపెండిక్స్ అన్నాడు. చివరికి పెద్దాసుపత్రిలో గర్భసంచి గొట్టాల దాకా ఇన్‌ఫెక్షన్ పాకిందని తేల్చి, మొదట అడిగిన మాట ఏమిటో తెలుసా? "మీ ఆయన ఎక్కడ పనిచేస్తాడమ్మా?"

ఆ పిల్ల తప్పేముంది చెప్పండి.

ఇక్కడ జరిగింది ఏమిటంటే, ఆ కవర్లో ఉన్న మాత్రల్లో ఏదో ఒకటి క్రిముల్ని కొంత చంపింది. పైకి కనపడే గుర్తులు పోయాయి. లోపల కొన్ని మిగిలాయి. ఇంకో సంగతి, సెగ క్రిమీ, క్లమీడియా అనే క్రిమీ చాలాసార్లు ఒకే మనిషిలో రెండూ కలిసి ఉంటాయి. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచెయ్యదు. సెగకి చీము ఎక్కువ, చిక్కగా, పసుపుపచ్చగా, కలిసిన రెండు నుంచి అయిదు రోజుల్లో మొదలవుతుంది. క్లమీడియా అయితే వారం నుంచి మూడు వారాలు పడుతుంది, పొద్దున్నే నీళ్ళలాంటి బొట్టు, కాస్త దురద, కాస్త మంట. కొందరు మగవాళ్ళకి అసలు ఏ గుర్తూ ఉండదు. ఆడవాళ్ళలో అయితే ఎక్కువమందికి ఉండదు. కాబట్టి సెగ చీము ఆగి, క్లమీడియా అలాగే ఉండిపోతే, మనిషి 'నాకు తగ్గిపోయింది' అనుకుంటాడు. అది మోసుకుని ఇంటికి వెళ్తాడు.

ఇంకొకటి మనవాళ్ళ అలవాటు. మూత్రం మండితే 'వేడి చేసింది' అంటాం. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు. నేనేం తప్పు పట్టను, ఈ ఎండలో స్లాబు మీద నిలబడి నీళ్ళు తాగకపోతే మూత్రం పచ్చగా, మంటగా వస్తుంది, నిజమే. కానీ అది బాగా నీళ్ళు తాగితే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎండ వేడికి చీము కారదు. లుంగీ మీద మరక పడదు. పుండు లేవదు. ఈ మూడింట్లో ఏది కనపడినా, బయటివాళ్ళతో కలిసిన తర్వాత మంట మొదలైనా, మజ్జిగతో కాలక్షేపం చెయ్యొద్దు.

ఇప్పుడు మాత్రల సంగతి. అందరూ నన్ను అడిగేది ఇదే: "అన్నా, గోలీ పేరు చెప్పు, తెచ్చుకుంటాను." పేరు చెప్పటం కష్టం కాదు. ఏ జబ్బుకి మాత్ర, ఏ జబ్బుకి సూది అన్నది పరీక్ష చేస్తేనో, డాక్టరు చూస్తేనో తేలుతుంది. అదీ కష్టం.

క్లమీడియాకి మాత్ర చాలు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, ఏడు రోజులు. మొత్తం 14. అది పడనివాళ్ళకి, గర్భిణులకి అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఒకేసారి ఇస్తారు. సెగకి మాత్రం ఇప్పుడు నమ్మకమైనది సూదే, సెఫ్‌ట్రయాక్సోన్, కండకి ఒక్కసారి. సూది కుదరనిచోట సెఫిక్సిమ్ అనే మాత్ర, అజిత్రోమైసిన్‌తో కలిపి ఇస్తారు. అది కూడా డాక్టరు చూసి ఇచ్చేదే. పరీక్ష చేసే వీలు లేకపోతే డాక్టర్లు రెండు జబ్బులూ ఉన్నాయనే అనుకుని, సూదీ మాత్రా రెండూ కలిపి వైద్యం చేస్తారు. అందుకని సూది వేసి కూడా వారం గోలీలు రాస్తే, 'దోచుకుంటున్నాడు' అనుకోవద్దు.

మనవాళ్ళ పెట్టెల్లో ఎక్కువగా దొరికేది సిప్రోఫ్లాక్సాసిన్. విరేచనాలకి తెచ్చుకున్నది, పంటికి తెచ్చుకున్నది, సగం స్ట్రిప్పు మిగిలి ఉంటుంది. ఒకప్పుడు అది సెగకి ఒక్క మాత్రతో పనిచేసేది. ఆ పేరే ఇంకా నోళ్ళలో ఉంది. "మా మావయ్యకి దాంతోనే తగ్గింది" అంటారు. మీ మావయ్య కాలం వేరు. ఆసియా దేశాల్లో సెగ క్రిమి ఆ మందుకి ఎప్పుడో మొండికేసింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సెగకి ఆ జాతి మందులు వాడొద్దనే చెప్పింది. ఎందుకు మొండికేసింది? అందరూ ఇలా రెండు మాత్రలు, మూడు మాత్రలు మింగి ఆపెయ్యటం వల్ల కూడా. చావకుండా మిగిలిన క్రిమి ఆ మందుని ఓర్చుకునే క్రిమి. తర్వాత అదే ఇంకొకళ్ళకి అంటుకుంటుంది. ఇప్పుడు సెగకి గట్టిగా మిగిలిన మందు ఆ ఒక్క సూది జాతే. దాన్ని కూడా పాడు చేసుకుంటే తర్వాత ఏం వాడతారో డాక్టర్లకే భయంగా ఉంది.

డాక్సీ రాసిచ్చారనుకోండి. అది మింగే పద్ధతి ఉంది. మన పనివాళ్ళకి దీంట్లో మూడు చిక్కులున్నాయి. ఒకటి, గొంతులో అంటుకుంటే అన్నవాహిక కాలినట్టు పుండు పడుతుంది. కాబట్టి నిలబడో కూర్చునో పెద్ద గ్లాసు నీళ్ళతో మింగాలి. మింగి వెంటనే పక్క మీద వాలిపోకూడదు, అరగంట ఆగాలి. రాత్రి పన్నెండింటికి షిఫ్టు దిగి ఒక గుటక నీళ్ళతో మింగి పడుకుంటే మర్నాడు ఛాతీలో మంటతో లేస్తారు. రెండోది, పాలతో, గ్యాస్ మాత్రలతో, రక్తం పట్టటానికి ఇచ్చే ఐరన్ మాత్రలతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. టీ కొట్టులో లపెయే తాగుతూ అందులోనే గోలీ వేసేవాళ్ళని చూశాను. మంచినీళ్ళతోనే వేసుకోండి, గ్యాస్ మాత్రకీ దీనికీ రెండు మూడు గంటలు ఎడం ఉంచండి. వికారంగా ఉంటే తిన్నాక వేసుకోవచ్చు. మూడోది మనకి ముఖ్యం. ఈ మందు వాడుతున్నప్పుడు ఎండకి చర్మం తొందరగా కందిపోతుంది, బొబ్బలు కూడా రావచ్చు. ఆ వారం నిండు చేతుల చొక్కా, మెడ మీద తువ్వాలు, తలకి గుడ్డ. మీ మేస్త్రీని అడిగి నీడ పని తీసుకోండి. కారణం చెప్పక్కర్లేదు, 'ఎండ పడని మందు వాడుతున్నాను' అంటే చాలు. నా సైట్‌లో అయితే ఆ మాట చాలు. గర్భంతో ఉన్నవాళ్ళకి డాక్సీ ఇవ్వకూడదు. మీ మాత్రల్లోంచి సగం తీసి ఇంట్లో ఆడమనిషికి ఇవ్వకండి.

రెండోరోజుకే బాగుంది కదా, ఏడు రోజులెందుకు అంటారు. స్లాబు పోసిన మర్నాడు మీద నడిస్తే గట్టిగానే ఉంటుంది గదా? మరి వారం రోజులు క్యూరింగ్ ఎందుకు చేస్తున్నాం? పైన గట్టిపడిందని మర్నాడే ప్రాపులు పీకేసిన మేస్త్రీని మీలో ఎవరైనా చూశారా? ఈ లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ డాక్సీ మాట వచ్చింది కాబట్టి పక్కదారి ఒకటి. ఇది టెట్రాసైక్లిన్ అనే జాతి మందు. ఆ జాతిలో మొట్టమొదటిది ఆరియోమైసిన్, 1948లో బయటికొచ్చింది. నోటితో మింగే మందు. అది దొరికింది అమెరికాలో లెడర్లీ అనే కంపెనీలో. కనిపెట్టిన శాస్త్రవేత్త డగ్గర్ అనే ఆయన. అక్కడ పరిశోధన మొత్తానికి పెద్దగా ఉన్నది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినాయన. పదితో ఆగిపోయినవాణ్ణి కాబట్టి నాకు ఆ సంగతి బాగా నచ్చుతుంది. ఆ మందు బయటికొచ్చిన ఏడాదే ఆయన పోయారు.

అంతకుముందు ఏమిటి పరిస్థితి? ఈ పబేడాన్ వీధుల్లోనే చూడండి. మన తాతలు ఓడెక్కి 'రంగం' వచ్చారు. రేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు, రైసు మిల్లుల్లో చేశారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊళ్ళో సగానికి పైగా మన దేశంవాళ్ళే. అందులో మగవాళ్ళే ఎక్కువ, భార్యాపిల్లలు ఊళ్ళో. ఒక్కొక్క గదిలో అంతమంది మగవాళ్ళు ఏళ్ళ తరబడి ఉంటే ఏ జబ్బులు వస్తాయో చెప్పక్కర్లేదు. అప్పుడు పాదరసం పూసేవాళ్ళు. 1910 తర్వాత ఆర్సెనిక్ సూదులొచ్చాయి, నెలల తరబడి పొడిపించుకోవాలి. సవాయికి పెన్సిలిన్ పనిచేస్తుందని తేలింది 1943లో. అప్పటికి మనవాళ్ళు సగం మంది యుద్ధానికి భయపడి కాలినడకన కొండలు దాటి వెళ్ళిపోయారు. వాళ్ళకి మందు లేక బాధపడ్డారు. మనకి మందు ఉంది, సగం మింగి సగం పెట్టెలో దాచుకుంటున్నాం.

సరే, ఇంటి సంగతికి వస్తాను. ఇక్కడే అందరూ తల దించుకునేది.

మీ ఒక్కరికీ వైద్యం చేస్తే వైద్యం అయినట్టు కాదు. గత రెండు నెలల్లో ఎవరెవరితో కలిశారో వాళ్ళందరికీ చెయ్యాలి, గుర్తులు ఉన్నా లేకపోయినా. వాళ్ళలో భార్య ఉంటే భార్యకి కూడా. మందు మొదలుపెట్టిన తర్వాత ఇద్దరికీ పూర్తయ్యేదాకా, ఆ పైన సూదో ఒక్క డోసో అయితే ఏడు రోజులు నిండేదాకా కలవకూడదు. ఒకరికి చేసి ఒకరిని వదిలేస్తే బంతిలాగ అటూ ఇటూ తిరుగుతుంది జబ్బు. మళ్ళీ మీకు వస్తుంది, 'మందు పనిచెయ్యలేదు' అంటారు. మందు పనిచేసింది, జబ్బే మళ్ళీ అంటుకుంది.

ఆడవాళ్ళ ఒంట్లో గుర్తు లేకుండా ఉండి, గొట్టాలు మూసుకుపోతే తర్వాత పిల్లలు పుట్టరు. లేదా గర్భం గొట్టంలోనే నిలిచి ప్రాణం మీదికొస్తుంది. ఊళ్ళో ఏమంటారు? 'గొడ్రాలు' అని ఆ పిల్లనే అంటారు. గుళ్ళు తిప్పుతారు, తాయెత్తులు కడతారు, ఇంకో పెళ్ళి మాట ఎత్తుతారు. తెచ్చింది ఎవరో ఎవరూ అడగరు. కాన్పు సమయానికి తల్లికి సెగ ఉంటే పుట్టిన బిడ్డ కళ్ళకి అంటి చూపు పోయే ప్రమాదం ఉంది. మగవాళ్ళకీ తక్కువేం కాదు, బీజాలు వాచి, నొప్పి పెట్టి, పిల్లలు పుట్టకుండా పోవచ్చు. మూత్రనాళం లోపల సన్నబడి ధార సరిగ్గా రాక తర్వాత తంటాలు.

భార్యకి ఎలా చెప్పాలి? ఇది ఎవరో ఒకరు చెప్పే తీరు కాదు. నాకు తెలిసినంతలో ఒక దారి చెప్తాను. ఫోన్‌లో అర్ధరాత్రి తాగి చెప్పొద్దు. ముందు మీరు డాక్టరు దగ్గర కాగితం రాయించుకోండి, మందు పేర్లతో. "నాకు ఇన్‌ఫెక్షన్ వచ్చింది, నీకూ అంటి ఉండొచ్చు, నువ్వు కూడా చూపించుకోవాలట, నీ తప్పేం లేదు" అని చెప్పండి. తిడుతుంది. ఏడుస్తుంది. వినాలి. కొందరు డాక్టర్లు భార్యని విడిగా పిలిచి, మర్యాదగా, గొడవ కాకుండా వైద్యం చేస్తారు, అలా అడగొచ్చు. అత్తగారికి తెలియకుండా ఆమె ఒక్కతే వెళ్ళే ఏర్పాటు చేసి, డబ్బు ఆమె ఖాతాకే పంపండి.

ఇప్పుడు సవాయి. దీన్ని సిఫిలిస్ అంటారు, ఇది వేరే క్రిమి. దీని మాయ ఏమిటంటే పుండు నొప్పి పెట్టదు. కలిసిన మూడు వారాలకి, ఒక్కోసారి మూడు నెలల దాకా కూడా పట్టి, అంగం మీదో నోట్లోనో ఒక గట్టి పుండు లేస్తుంది. మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానిపోతుంది. మీరు ఏ ఆకు పసరు పూసినా, ఏ మాత్ర మింగినా, అసలేమీ చెయ్యకపోయినా మానుతుంది! అందుకే ప్రతి నాటువైద్యుడికీ సవాయి మీద మంచి పేరు వస్తుంది. తర్వాత ఒంటి మీద, అరచేతుల్లో, అరికాళ్ళలో ఎర్రని మచ్చలు, దురద ఉండదు. సిమెంటు పడలేదనుకుంటాం. అవీ పోతాయి. క్రిమి మాత్రం రక్తంలో ఉంటుంది, ఏళ్ళ తర్వాత గుండెనో మెదడునో చూపునో పట్టుకుంటుంది. గర్భిణికి ఉంటే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు.

దీనికి మందు సూదే. బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు. కొత్తగా వచ్చిన జబ్బయితే ఒక్క రోజు, చాలామంది రెండు పిరుదులకీ సగం సగం వేస్తారు. ఎప్పుడు వచ్చిందో తెలియని పాతదైతే వారానికి ఒకటి చొప్పున మూడు వారాలు. నొప్పిగా ఉంటుంది, అబద్ధం చెప్పను. సూది పడిన రోజే చలిజ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు, ఒక్కరోజులో తగ్గుతుంది. అది చచ్చే క్రిముల వల్ల. దానికి భయపడి మిగతా సూదులు మానెయ్యొద్దు. పెన్సిలిన్ పడనివాళ్ళు, అంటే ఇదివరకు దద్దుర్లు, ఆయాసం వచ్చినవాళ్ళు, ముందే చెప్పాలి. వాళ్ళకి డాక్సీ మాత్రలు 14 రోజులు, పాత జబ్బయితే 28 రోజులు. గర్భిణికి మాత్రం పెన్సిలిన్ తప్ప దారి లేదు, ఆసుపత్రిలో జాగ్రత్తగా ఇస్తారు.

మీలో సగం మంది ఇక్కణ్ణుంచి దుబాయో సౌదీయో చూస్తున్నారు గదా. గల్ఫ్ మెడికల్‌లో సవాయి రక్తపరీక్ష ఉంది. పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. ఏజెంటుకి కట్టిన డబ్బు గోవిందా. ఇక్కడ ఒక మెలిక తెలుసుకోండి. రక్తపరీక్షలు రెండు రకాలు. వీడీఆర్ఎల్ లేదా ఆర్పీఆర్ అనేది వైద్యం తర్వాత అంకె తగ్గుతూ వస్తుంది. 1:32 ఉన్నది 1:8కి దిగితే మందు పనిచేసినట్టు. టీపీహెచ్ఏ అనేది జబ్బు నయమైనా చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. కాబట్టి ఏ రోజు ఏ సూది, ఎన్ని యూనిట్లు, అప్పటి అంకె ఎంత, ఆరు నెలలకి ఎంత, ఏడాదికి ఎంత, ఈ కాగితాలు పాస్‌పోర్టుతో పాటు దాచండి. ఫోటో తీసి మీ నంబరుకే పంపుకోండి. రేపు డాక్టరుకి చూపించటానికి అదొక్కటే ఆధారం. కాగితం ఉంటే తప్పకుండా ఫిట్ ఇస్తారని నేను చెప్పను, లేకపోతే మాత్రం మాట్లాడటానికి కూడా ఏమీ ఉండదు.

ఎక్కడికెళ్ళాలి? పబేడాన్ నుంచి అయితే బోజో రోడ్డు పట్టుకుని పడమటికి నడిస్తే ఎర్ర ఇటుకల పెద్ద కట్టడం, జనరల్ ఆసుపత్రి. అక్కడ చర్మవ్యాధుల విభాగం ఉంది. సర్కారు వాళ్ళ ఎయిడ్స్, సుఖవ్యాధుల టీములు కూడా టౌన్‌షిప్పుల్లో ఉంటాయి. ప్రైవేటు డాక్టరైనా సరే, బోర్డు మీద డిగ్రీ ఉన్న సయావన్ దగ్గరికి వెళ్ళండి, తెయింజీ బజారు పక్కన మూలికలు అమ్మేవాడి దగ్గరికి కాదు. భాష రాకపోతే రెండు మాటలు చాలు. "కాలతా యోగా" అంటే ఈ జబ్బు. "త్వే సిట్ చిన్ దే" అంటే రక్తపరీక్ష చేయించుకోవాలి అని. త్వే అంటే రక్తం. మూత్రపరీక్ష అంటే పొద్దున వెళ్ళటం మంచిది, వెళ్ళేముందు గంట రెండు గంటలు మూత్రం ఆపుకోండి. వెళ్ళేముందు షాపు మాత్ర ఏదీ మింగొద్దు, మింగితే పరీక్షలో క్రిమి దొరకదు. మింగి ఉంటే దాచకుండా ఆ కవరు పట్టుకెళ్ళి చూపించండి. మగవాడితో కలిసినవాళ్ళూ ఆ మాట డాక్టరుకి చెప్పాలి, ఎందుకంటే క్రిమి గొంతులోనో మలద్వారంలోనో ఉంటే మూత్రపరీక్షలో కనపడదు. మనం ఎవరినీ ఏమీ అనం ఇక్కడ. అదే రోజు హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించండి, మూడు నెలలకి మళ్ళీ ఒకసారి. పుండు, చీము ఉన్నప్పుడు హెచ్‌ఐవీ తొందరగా అంటుకుంటుంది.

ఊరికి వెళ్ళినవాళ్ళకి ఇంకా తేలిక. మన సర్కారు ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, విశాఖ కేజీహెచ్‌లో, శ్రీకాకుళం రిమ్స్‌లో చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళి అడగండి. మందు ఉచితం. రంగు రంగుల పెట్టెల్లో ఇస్తారు. చీముకి బూడిదరంగు కిట్, అందులో అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400. పుండుకి తెల్ల కిట్, అందులో పెన్సిలిన్ సూది. పెన్సిలిన్ పడనివాళ్ళకి నీలం. పక్కింటాయనకి బూడిదరంగు ఇచ్చారని మీరూ అదే అడగకండి, రంగు జబ్బుని బట్టి. ఫోన్లో అడగాలంటే 1097, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. మనదేశంలో ఉన్నప్పుడే కలుస్తుంది. మీ ఇంట్లో ఆడవాళ్ళకి ఈ నంబరు ఇవ్వండి.

మేస్త్రీలకి, తోటి సూపర్‌వైజర్లకి ఒక మాట. కొన్ని సైట్లలో ఇలాంటి జబ్బు ఉందని తెలిస్తే పేరు కొట్టేసి పంపించేస్తున్నారు. అలా చేస్తే ఎవడూ చెప్పడు, అందరూ ప్లాస్టిక్ కవర్ల దగ్గరికే వెళ్తారు. చీమూ పుండూ పళ్ళెం వల్ల, బాత్రూం వల్ల, పక్క మీద పడుకోవటం వల్ల అంటవు. విడిగా కంచం పెట్టటం, గదిలోంచి గెంటటం పిచ్చిపని. ఒక పూట సెలవు ఇవ్వండి, చాలు.

చివర్లో కొందరు అడిగారు. వాటికి కూడా ఇక్కడే రాస్తాను.

ఒక తమ్ముడు, "అన్నా, వెళ్ళేముందే ఒక మాత్ర మింగేస్తే ఏమీ అంటదంట కదా?" అన్నాడు. ఉత్త మాట. ముందు మింగిన ఒక్క మాత్ర అన్నిటినీ ఆపదు, పైగా క్రిమిని మొండిగా చేస్తుంది. నిరోధ్ వాడాలి, మొదటి నుంచి చివరిదాకా. డెటాల్‌తో కడిగితే పోదు, మూత్రం పోస్తే పోదు, నిమ్మకాయ రుద్దితే తోలు ఊడుతుంది అంతే.

ఇంకొకాయన, పెద్దాయన, "నాకు చీము ఆగి మూడేళ్ళయింది బాబూ, ఇప్పుడు చూపించుకోవాలా?" అన్నాడు. చూపించుకోవాలి. రక్తపరీక్ష ఎప్పుడైనా చెయ్యొచ్చు, మూత్రపరీక్షా చెయ్యొచ్చు. మీ ఆవిడకి కూడా.

మందు వాడేటప్పుడు సారా తాగొచ్చా అని ఇద్దరు ముగ్గురు నవ్వుతూ అడిగారు. కొన్ని మాత్రలతో, ముఖ్యంగా మెట్రోనిడజోల్ కూడా రాస్తే, తాగితే వాంతులు పట్టుకుంటాయని డాక్టర్లు వద్దంటారు. అది లేకపోయినా తాగినవాడు రాత్రి గోలీ మర్చిపోతాడు. వారం రోజులు గదా, ఆగండి.

ఒక పూట గోలీ మర్చిపోతే? గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి పూట దగ్గర పడితే ఆ ఒక్కటే వేసుకోండి, రెండు కలిపి వేసుకోవద్దు. మొత్తం 14 అవ్వాలి. మందు పూర్తయిన వారానికి కూడా మంటో చీమో ఉంటే షాపుకి కాదు, మళ్ళీ అదే డాక్టరు దగ్గరికి. తగ్గినా మూడు నెలలకి ఒకసారి పరీక్ష చేయించండి, మళ్ళీ అంటుకునేవాళ్ళు చాలామంది.

భాష రానివాళ్ళతో ఆసుపత్రికి ఒకరు తోడు వస్తారు. గ్రూపులో అందరి ముందూ రాయకండి, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. 'ఆసుపత్రికి తోడు కావాలి' అని రాస్తే చాలు, ఎందుకో నేను అడగను. మామూలు రోజుల్లో సైట్ ఉంటుంది కాబట్టి పొద్దున ఎనిమిదికి ముందు బయల్దేరాలి, ఓపీ లైను పెద్దది. పాస్‌పోర్టు జిరాక్సు, పాత మందుల కవర్లు తెచ్చుకోండి.